తిట్ల ఆదివారాలు

మొన్న తార్నాకలో బస్సెక్కాను. పక్క సీటులో ఉన్న ఆవిడ సంచిలోంచి చిన్న సీసా తీసి, రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. నీలగిరి తైలం. ఆ ఘాటు తగలగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. ఎవరో ఇప్పుడు నన్ను తిట్టబోతున్నారని ఒళ్లు ముందే సర్దుకున్నట్టుంది. ఆవిడ నా వైపు చూసి "జలుబమ్మా, ఏమనుకోకు" అంది. పర్లేదన్నాను. నాకు కథ రాయడం నేర్పిన మనిషి రుమాలు ఎప్పుడూ ఇదే వాసన వేసేదని ముక్కూ మొహం తెలియని ఆవిడకు ఏం చెప్తాను? దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను.

నాగరత్నమ్మ మేడం మా ఎడిటర్. కడప వైపు మనిషి. చదువుకోవడానికి ఇక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌కు వచ్చి, చదువయ్యాక తార్నాకలోనే ఉండిపోయారు. నేత చీర కింద పరుగు పందెంవాళ్లు వేసుకునే బూట్లు, భుజాన ఫ్లాస్కు పెట్టిన సంచి. మనిషి బక్కపలచన, గొంతుకు మైకు అక్కర్లేదు. మా ఆఫీసు తార్నాక సందులో జిరాక్స్ షాపు మీద రెండు గదులు. పిల్లల బొమ్మల కథలు వేసే కంపెనీ. నేను ఎమ్మే పూర్తి చేసి, లాలాపేట నుంచి షేర్ ఆటోలో వచ్చి అక్కడ చేరిన కొత్తలో మేడం నా బల్ల మీద పాత పుస్తకాల కట్ట ఒకటి పడేశారు. "ఇదిగో పాపా, ఉరుము. వీన్ని ఈ కాలానికి తీసుకురా" అన్నారు.

ఉరుము అంటే మా నాన్న నిక్కర్లు తొడుక్కున్న కాలంనాటి సూపర్‌హీరో. పదహారేళ్ల కుర్రాడు. చప్పట్లు కొడితే ఉరుము పుడుతుంది, అద్దాలు పగులుతాయి, దొంగలు చెవులు మూసుకుని కూలబడతారు. బంగళాలో ఉంటాడు, కారుకు డ్రైవరు, వీపున ఎర్రటి దుప్పటిలాంటి వస్త్రం. ఆ రోజుల్లో పుస్తకం మీద రాసినవాళ్ల పేరు వేసే అలవాటు లేదు, కంపెనీ పేరు ఒక్కటే ఉండేది. ఎవరో బాగానే రాశారు గానీ వట్టి గొప్పింటి పిల్లాడి కథ అనుకున్నాను. వాడి బంగళా పీకేశాను, కారూ, వీపు మీది ఎర్ర బట్టా తీసేశాను. పేరు సాయి, ఇల్లు క్యాంపస్ పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్, చదువు ఇంటర్ రెండో సంవత్సరం, తల్లి క్యాంపస్ హాస్టల్లో వంట మనిషి. బస్సు రాక ఆపద దగ్గరికి ఆలస్యంగా చేరే సూపర్‌హీరో. రాస్తుంటే నాకే నవ్వొచ్చేది. అంత సంతోషంగా నేను ఏ పనీ చేసి ఎరుగను.

మొదటి సంచిక బయటికెళ్లిన వారానికి అభిప్రాయాలు మొదలయ్యాయి. ఫోన్లో మెసేజీలు, కామెంట్లు, కొందరైతే గొంతు రికార్డు చేసి మరీ పంపారు. "ఉరుము బస్సు కోసం నిలబడుడేంది? ఇజ్జత్ తీసిండ్రు" అని ఒకరు. "పాత ఉరుమును చంపినవాళ్లకు పాపం తగుల్తది" అని ఇంకొకరు. నేను ఒక్కొక్కరికీ జవాబు టైపు చేయడం మొదలుపెట్టాను. మేడం వెనక నిలబడి చూసి నా ఫోను లాక్కున్నారు.

"ఏంటికి పాపా సంజాయిషీలు? అన్నం బాగలేదన్నోనికి వంట ఎట్ల చేసినావో చెప్తావా? ఆదివారం తెల్లారి క్యాంపస్‌కు రా."

అట్లా నాకు తిట్ల ఆదివారం అలవాటైంది. ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టింది. నెలకొక ఆదివారం పొద్దున, క్యాంపస్‌లో పాత రాతి భవనం ముందున్న పచ్చిక మీద మేడం చాప పరిచేవారు. అందరికంటే ఎక్కువ తిట్టిన పాఠకులను ఏరి పిలిచేవారు. మెచ్చుకున్నవాళ్లకు పిలుపు లేదు. వచ్చినవాళ్లకు ఫ్లాస్కులోంచి టీ, ఉస్మానియా బిస్కెట్లు. రాసిన మనిషి అందరి ముందూ నిలబడి తన మీద వచ్చిన తిట్లను తన నోటితోనే గట్టిగా చదవాలి. ఎదురు చెప్పకూడదు. ఒకే ఒక్క ప్రశ్న అడగవచ్చు: "ఏ పేజీలో దిగిపోయినారు?" నచ్చిందా, నచ్చలేదా అని అడిగితే మనుషులు మొహమాటానికో కోపానికో ఏదో ఒకటి అంటారట. కథలోంచి మనసు ఎక్కడ దిగిపోయిందో అడిగితే మాత్రం నిజం చెప్తారట.

మొదటిసారి గబగబా చదివేసి బయటపడదామనుకున్నాను. చెట్ల కింద పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు పుస్తకాలు మూసి మరీ విన్నారు. "పాత ఉరుము కాలిగోటికి సరిపోడు ఈ కొత్తోడు" అన్న వాక్యం దగ్గర ఆగిపోతే, మేడం రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని, "వినబడలా, ఇంకోసారి చదువు" అన్నారు. చచ్చినట్టు మళ్లీ చదివాను. ఆవిడ మొహం కొంచెం ఎర్రబడింది. నా మీద జాలి కాబోలు అనుకున్నాను.

ఆ రోజు వచ్చినవాళ్లలో శ్రావణి అనే అమ్మాయి ఉంది. ఇంటర్ చదువుతోంది, ఉండేది మాణికేశ్వర్ నగర్‌లోనే. నా ప్రశ్న పూర్తి కాకముందే జవాబిచ్చింది.

"ఏడో పేజీల అక్కా. సాయి తన రూములకు పోయి తలుపేసుకుని డ్రెస్ మార్చుకుంటడు సూడు, గాడ దిగిన. మా బస్తీల తలుపేసుకునేతందుకు వేరే రూమెవనికున్నది? మాది ఒకటే రూము, మా అమ్మ, తమ్ముడు, నాయనమ్మ అందరం గాడనే. సూపర్‌హీరో అని మా అమ్మకు తెల్వకుంట నేనెట్ల దాస్త? నా ఫోన్ల ఎవరి మెసేజ్ వచ్చిందో కూడ ఆమెకు నాకంటే ముందు తెలుస్తది."

చాప మీద అందరూ గొల్లుమన్నారు, నేను తప్ప. లాలాపేటలో మా ఇంట్లోనూ నాకు వేరే గది ఉండేది కాదు. పరీక్షలకు వంటింటి గడప మీద కూర్చుని చదువుకున్న దాన్ని. అయినా కథలో హీరో అనగానే వాడికొక గది, గదికొక తలుపు వాటంతటవే వచ్చేశాయి. మేడం బిస్కెట్ల పొట్లం నా వైపు జరిపి, "తిను. చిన్నప్పటి నుంచి ఏం చదివినామో అదే వస్తాది చేతికి. తప్పేం లేదు, దిద్దుకో" అన్నారు.

రెండో సంచికలో దాపరికం తీసేశాను. సూపర్‌హీరో రహస్యం తల్లికి తెలిసిపోయింది. తెలిసిపోవడమేమిటి, ఉరుము బట్టలు మార్చుకోవాలంటే ఆవిడే గది మూలన తన చీర అడ్డం పట్టుకుని నిలబడుతుంది. "జల్ది కానీ బిడ్డా, పొయ్యి మీద అన్నం మాడుతున్నది" అంటుంది. మా బొమ్మల ఆర్టిస్టు ఆ బొమ్మను పేజీ నిండా వేశాడు. నాకు తెగ నచ్చింది. పాత పాఠకులకు మాత్రం ఒళ్లు మండింది. రహస్యం లేని సూపర్‌హీరో ఏం సూపర్‌హీరో? అమ్మ చీర చాటున ఉరుమా? వచ్చే తిట్లు రెట్టింపయ్యాయి. కంపెనీ ఓనరు ప్రకాశ్ గారు తండ్రి తర్వాత వ్యాపారం చూసుకుంటున్న మనిషి, మంచివాడే, కానీ భయస్తుడు. "ఇక చాలమ్మా. పాత ఉరుమునే మళ్లీ వేద్దాం. జనం అడుగుతున్నదే అది" అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. సాయిని ఇంట్లోంచి వెళ్లగొడుతున్నట్టే అనిపించింది. మేడం మాత్రం, "ఆదివారం అయినాక చెప్పండి సార్. మీరూ రాండి" అన్నారు.

ఆ ఆదివారం ఓనరు గారు కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నారు. వచ్చినవాళ్లలో పెద్దాయన నర్సింగరావు గారు. ముషీరాబాద్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. పాత ఉరుము పుస్తకాలన్నీ అట్టలు వేసి దాచుకున్నారట. ఆయన గొంతు రికార్డు చేసి పంపిన తిట్లే అన్నిటికంటే పొడుగు. నేను వాటిని కాగితం మీదికి ఎక్కించుకుని, ఆయన ఎదురుగానే చదివాను. పాత ఉరుము ఎంత ధీమాగా నడిచేవాడో, వాడి మాట ఎంత సొగసుగా ఉండేదో, అది రాసిన మహానుభావుడెవరో గానీ ఆ చెయ్యి మళ్లీ రాదని అందులో ఉంది. ఓనరు గారు మేడం వైపు తిరిగి, "విన్నారుగా. పాతదే వేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నారు.

మేడం రుమాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. "సార్, పాత ఉరుమును రాసింది నేనే" అన్నారు.

ఓనరు గారు కుర్చీలోంచి సగం లేచారు.

"మీ నాయన అడిగితే రాసిస్తి. అప్పుడు నేను క్యాంపస్ హాస్టల్లో ఒక్క గదిలో నలుగురితో ఉంటి. ఇంట్లోనూ అంతే. బంగళా లోపల ఎట్లుంటాదో తెల్దు. అందుకే వానికి బంగళా ఇస్తి, కారు ఇస్తి. నాకు లేనివన్నీ వానికి పెట్టి పంపిస్తి. ఈ పాప తనకుండేవి పెట్టి పంపిస్తాంది. నా కొడుకును మళ్లీ తేవద్దండి సార్. వాడు బాగా బతికినాడు. ఈమె కొడుకును బతకనీండి."

నర్సింగరావు గారు లేచి రెండు చేతులూ జోడించారు. "అమ్మా, మీరేనా? చిన్నగున్నప్పుడు అద్దం పగులుతదేమోనని ఇంట్ల చప్పట్లు కొట్టి కొట్టి మా నాయనతోని తన్నులు తిన్న."

"పగిలిందా?" అని మేడం నవ్వారు. "సరే గానీ అన్నా, కొత్తదాంట్లో ఏ పేజీలో దిగిపోయినారు?"

పెద్దాయన మళ్లీ చాప మీద కూర్చున్నారు. "నిజం చెప్పాల్నంటే దిగలే అమ్మా. కోపంతోనే ఆఖరుదాంక చదివిన. చదివి మళ్ల ఎనుకకు పోయి, ఆ తల్లి చీర పట్టుకున్న బొమ్మ సూసిన. మా అమ్మ గట్లనే పట్టుకునేది. ఇల్లు చిన్నగుండె గదా." కండువాతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. "కానీ ఆ ఎర్ర బట్ట తీసేసుడు మాత్రం తప్పే."

ఓనరు గారు ఎవరినీ చూడకుండా రెండో కప్పు టీ పోసుకున్నారు. "సరే, నడవనివ్వండి. ఆ ఎర్ర బట్టేదో మళ్లీ తగిలించండి" అన్నారు. శ్రావణి చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, సిగ్గు లేకుండా రెండూ కానిచ్చేశాను.

చాప చుట్టుకుని తార్నాక వైపు నడుస్తూ, ముందే ఎందుకు చెప్పలేదని మేడంను అడిగాను. "చెప్పి ఉంటే నువ్వు నాకు భయపడి రాస్తావుంటివి. వాని చొక్కాకు గుండీ కూడా తీసేదానివి కాదు" అన్నారు. అంతే, తర్వాత కూరగాయల ధరల మీద పడ్డారు.

ఉరుము ఇంకా నడుస్తోంది. మేడం రిటైరై ప్రొద్దుటూరులో చెల్లెలి దగ్గర ఉన్నారు. ఆవిడ ఎడిటర్ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను, తిట్ల ఆదివారం మానలేదు. ఈ ఏడాది ఉరుమును కొత్తగా చేరిన అమ్మాయి అఖిలకు అప్పగించాను. వచ్చీ రాగానే సాయిని చదువుకోవడానికి వేరే ఊరు పంపేసి, వాడి చెల్లెలిని ఉరుమును చేసింది. చీర పట్టుకునే తల్లిని కూడా పక్కన పెట్టేసింది. నాకు చురుక్కుమంది, అయినా అచ్చుకు పంపేశాను. పోయిన ఆదివారం పచ్చిక మీద అఖిల తన తిట్లు తానే చదువుతోంది. "ఆ అమ్మ, ఆ సాయి, ఆ బస్తీ రాసిన చెయ్యి వేరే. ఆ పాతదే మళ్లీ తీసుకురండి" అని అందులో ఉంది. నా చెవుల్లో తేనె పోసినట్టయింది. ఇంకోసారి చదవమని అడుగుదామన్నంత ఆశ పుట్టింది. ఒక్క మాట చాలు, సాయి ఇంటికి తిరిగి వచ్చేవాడు. అఖిల తర్వాతి వాక్యానికి వెళ్లలేక ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, అన్ని ఆదివారాలు నా నోటితో తన పొగడ్తలు వింటూ మేడం ఏం మింగుకుని కూర్చున్నారో. నేనూ మింగాను. ఆ మెసేజీ పంపిన కుర్రాడి వైపు తిరిగి, కొత్తదాంట్లో ఏ పేజీలో దిగిపోయాడో అడిగాను.

ఇంటికొచ్చి ప్రొద్దుటూరుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పడం ఇంకా పూర్తి కాలేదు, అవతల మేడం గట్టిగా నవ్వారు.

"తియ్యగుండెనా పాపా?"

"చాలా తియ్యగుండె మేడం."

"ఉంటాది. ఆ పిల్లకు టీ ఇచ్చినావా?"