బొట్టు పెట్టిన విమానం

మా పెదనాయన పోయి పన్నెండు రోజులైంది. ఆ పొద్దున పెద్దమ్మే ఫోన్ చేసి, "మే, మీ పెదనాయన టీ తాగి పండుకున్నాడు, మళ్ళా లెయ్యలేదు" అని పెట్టేసింది. నేను ఏర్పేడు నుంచి అలిపిరి దగ్గర వాళ్ళింటికి చేరేసరికి, పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన బొమ్మ విమానాల గాజు బీరువా ముందు నిలబడి ఉన్నారు. "ఇంత మురికి పట్టిన విమానాలు యాల దాసుకున్నాడో పాపం" అన్నారెవరో. నాకు ఒళ్ళు మండింది. ఆ మురికి కోసమే ఆయన పదిహేనేళ్ళు కష్టపడ్డాడని వాళ్ళకెవరు చెబుతారు!

పెదనాయన వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు తాను బాగుచేసిన విమానాలనే మూరెడేసి ప్లాస్టిక్ బొమ్మలుగా చేసుకునేవాడు. ఆ అసలు విమానాలకు రంగు ఉండేది కాదట, ఒట్టి లోహమేనట. అందుకని ఇడ్లీలు పొట్లం కట్టే సిల్వర్ కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి అతికించేవాడు. అంతకుముందు దాన్ని బోరు నీళ్ళలో ఉడకబెట్టేవాడు. మా బోరు నీళ్ళకు ఏ అల్యూమినియం గిన్నె అయినా నల్లబడాల్సిందే. ఒక్కో ముక్కను కాస్త ఎక్కువ తక్కువసేపు ఉడికిస్తే ఒక్కో రేకుకు ఒక్కో వన్నె వచ్చేది. ఆపైన పెన్సిల్ ముల్లు పొడితో పొగ మరకలు, రేకుల సందుల్లో నూనె చారలు, రెక్క మీద మనిషి కాలు మోపేచోట గీతలు. "ఏం వండుతాండావు సామీ?" అని పెద్దమ్మ ఎగతాళి చేసేది. సెలవుల్లో నేనూ పక్కన కూర్చుని అతికించేదాన్ని. ఎక్కడైనా మెరుపు మిగిలిపోతే వేలితో చూపించి, "ఈ ఇమానం ఎప్పుడూ ఎగరలేదా మే?" అనేవాడు.

ఆయుధపూజ రోజు విమానాలు నిలిపే హ్యాంగర్‌లో విమానం ముక్కుకు కుంకుమ పెట్టేవాళ్ళట. తర్వాత ఎంత తుడిచినా రేకు సందులో కాస్త ఎరుపు మిగిలేదట. తనకు బాగా ఇష్టమైన విమానానికి పెద్దమ్మ చేత బొట్టు పెట్టించి, సగం తుడిచి, పైన వార్నిష్ వేశాడు పెదనాయన.

దాన్ని చెన్నైలో ఒక బొమ్మ విమానాల పోటీకి తీసుకుపోయాం. జడ్జి ఆ బొట్టు చూసి, పాత ఫోటోల్లో ఇలాంటిది ఎక్కడా లేదనీ, ఈ మరక తీసేస్తే మొదటి బహుమతి మీదేననీ అన్నాడు.

"ఫోటో తీసినోళ్ళు పూజకు రాలేదప్పా. నేను ఆడ ఉండినాను. తుడిసేది లేదు" అని పెదనాయన విమానాన్ని పెట్టెలో సర్దేశాడు. తిరుపతి దాకా బస్సులో ఆ పెట్టెను ఒళ్ళోనే పెట్టుకున్నాడు. బహుమతి పోయిందని ఏడ్చింది నేను. "జరిగినదాన్ని తుడిసేసి బాగుండాది అనిపించుకునేది యాల?" అన్నాడు నాతో.

పదో రోజున ఆ విమానాన్నే ఆయన ఫోటో పక్కన పెడదామనుకున్నాం. మా మేనత్త తడిగుడ్డ పట్టుకొచ్చింది. "సావింట్లో కుంకుమేంది? తుడిసేసి పెడదాం" అంది.

"తుడవడానికి లేదత్తా!" అని గట్టిగా అరిచి విమానాన్ని లాక్కున్నాను. అంతమందిలో అట్లా అరవకూడదని తెలుసు. అయినా అరిచాను, మళ్ళీ అయినా అరుస్తాను.

పక్క గదిలో అప్పటికే ఆడవాళ్ళు పెద్దమ్మ బొట్టు తీయడానికి ఆమె చుట్టూ చేరి ఉన్నారు. నా అరుపు విని పెద్దమ్మ లేచి వచ్చింది. విమానాన్ని నా చేతుల్లోంచి తీసుకుని ఫోటో పక్కన పెట్టి, తన వెనకే వచ్చిన ఆడవాళ్ళవైపు తిరిగింది.

"ఆయన దీని బొట్టే తుడవనీలేదు. నా బొట్టు తుడిసేదానికి మీరెవురు?"

మేనత్త తడిగుడ్డను కొంగు చాటుకు లాక్కుంది.

విమానం మళ్ళీ బీరువాలోకి చేరింది. ఈ పొద్దున పెద్దమ్మ స్నానం చేసి వచ్చి, గోడకు అద్దం ఉన్నా, ఆ బీరువా ముందు నిలబడి గాజులో చూసుకుంటూ బొట్టు పెట్టుకుంది. గాజుకవతల, నల్లబడిన రేకుల మధ్య, ఎప్పుడో ఆమె వేలితో అద్దిన ఎరుపు అట్లాగే ఉంది.