నిండని పేజీ మీద అవ్వ వేలు

దయ్యాలను నేను నమ్మను. అవి కూడా నా మీద ఎప్పుడూ పెద్దగా ఆసక్తి చూపలేదు. వాషర్‌మెన్‌పేట్‌లో మేం ఉన్న పాత ఇంట్లో మేడమెట్ల కింద ఏదో తిరుగుతుందని మా అత్తలు చెప్పేవాళ్ళు. ఆ మెట్ల కిందే కూర్చుని నేను ఫిజిక్స్ చదివి బీఎస్సీలో రెండో తరగతి తెచ్చుకున్నాను. అక్కడ నిజంగా ఏదైనా ఉండి ఉంటే చదువులో కొంచెం సాయం చేసేది.

కాబట్టి ఇది దయ్యం కథ కాదు. 1999లో, కోడంబాక్కంలో, ఒక శనివారం మధ్యాహ్నం, ట్యూబ్‌లైటు వెలుగులో ముగ్గురు మనుషుల ముందు జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా అవ్వకు, అంటే నాయనను కన్నతల్లికి, అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆమె తండ్రి మునుసామి నాయుడు, ఆమెకు అయిదేళ్ళప్పుడు ఓడెక్కి రంగూన్ పోయాడు. అక్కడ ఒక బియ్యం మిల్లులో గుమాస్తా పని. రెండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. ఒక దీపావళి ముందు వచ్చిన కార్డే ఆఖరిది. ఉన్నాడో పోయాడో చెప్పేవాళ్ళు లేరు. ఆయన భార్య తాను పోయే రోజు దాకా బొట్టు తీయలేదు.

చావు తెలియకపోతే తిథి తెలియదు. తిథి తెలియకపోతే ఏటా పెట్టే తద్దినం లేదు. అలాంటివాళ్ళందరికీ కలిపి మహాలయ అమావాస్య నాడు ఇన్ని నువ్వులు, నీళ్ళు వదులుతారు. ఆ ఏడు కూడా నాయన వదిలి వచ్చాడు. అవ్వ గడప దగ్గర కూర్చుని నిట్టూర్చింది.

"మా నాయన్ను ఇంకా జనరల్ కంపార్ట్‌మెంట్‌లోనే నిలబెట్టి తీసకపోతా ఉండారు. ఎప్పుడురా ఆయనకు ఒక బెర్తు? నేను పోయినాక అడిగేవాళ్ళు గూడా ఉండరు."

నవ్వుతూనే అంది. కానీ ఆ రోజు అన్నం సగంలో లేచిపోయింది.

ఆమెకు తండ్రి గురించి ఉన్న జ్ఞాపకం ఒక్కటే. ఓడెక్కే ముందు వారం ఆయన ఆమెకు అక్షరాభ్యాసం చేయించాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చూపుడు వేలు పట్టుకుని, పళ్ళెంలో బియ్యం మీద ఓనమాలు దిద్దించాడు. ముఖం గుర్తులేదు. మీసం ఉండేదో లేదో కూడా చెప్పలేకపోయేది. ఆ వేలు ఒక్కటే గుర్తు.

నేనప్పుడు కోడంబాక్కంలో ఒక పంపుసెట్ల కంపెనీ ఆఫీసులో పని చేసేవాణ్ణి. రైల్వే స్టేషన్ దగ్గర జయంతక్క బ్రౌజింగ్ సెంటర్ ఉండేది. అంతకుముందు అది సినిమా దుస్తులు అద్దెకిచ్చే దుకాణం. కిరీటాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి గానీ, చుట్టూ బల్బులున్న మేకప్ అద్దం గోడకు అలాగే ఉండిపోయింది. దాని కింద కూర్చుని ఇంటర్నెట్ చూసుకోవాలి. మన ముఖం మనకు కనిపిస్తుంటే పనికిరానివి చూడబుద్ధి కాదని అక్క వాదన.

అక్కడే నాకు ఒక విదేశీ గ్రంథాలయం వెబ్‌సైట్ దొరికింది. రంగూన్‌లో అచ్చయిన ఒక పాత ఇంగ్లీషు పత్రికను ఫోటోలు తీసి పెడుతున్నారు. ఇప్పటిలా పేరు కొట్టి వెతకడం లేదు. తేదీ ఎంచుకోవాలి, పేజీ ఎంచుకోవాలి, ఒక్కో పేజీ నాలుగు ముక్కలుగా వస్తుంది. అది కూడా పై నుంచి కిందికి, చారలు చారలుగా, గోడకు సున్నం వేస్తున్నంత నిదానంగా. ఒక ముక్క నిండేసరికి టీ తాగి రావచ్చు. నేను తాగి వచ్చేవాణ్ణి.

ఆఖరి కార్డు మీది తపాలా ముద్రతో సంవత్సరం తెలుసు. ఆ దీపావళి నుంచి మొదలుపెట్టి అయిదు శనివారాలు చూశాను. ఓడల రాకపోకలు, బియ్యం ధరలు, గుర్రప్పందేలు. ఏ దొరగారి కుక్క తప్పిపోయిందో, ఏ రంగు కుక్కో కూడా తెలిసింది. మునుసామి నాయుడి జాడ లేదు.

ఆరో శనివారం అవ్వను వెంట తీసుకుపోయాను. గొప్ప ఉద్దేశమేమీ కాదు. ఆ పని ఎంత వ్యర్థమో ఆమె తన కళ్ళతో చూస్తే, ఇక చాలులేరా అంటుందని ఆశ. ఆ మాట నా నోటితో చెప్పే ధైర్యం లేదు.

అవ్వ మాత్రం పెట్టెలోని మంచి చీర కట్టుకుని వచ్చింది. జయంతక్క కుర్చీ వేయగానే అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుంది, చెదిరిన వెంట్రుకలు చెవి వెనక్కి తోసుకుంది.

"ఏమి పాటీ, షూటింగా?" అంది అక్క, అవ్వను అరవంలో పిలుస్తూ.

"మా నాయన్ను చూడను వస్తిని. డెబ్బై ఏండ్లకు పైనాయె. ఎట్లనో ఒకట్ల వస్తే బాగుంటాదా?"

నేను తేదీ ఎంచి మూడో పేజీ కింది ముక్క తెరిచాను. పైన రెండు వేళ్ళ మందం వచ్చి ఆగింది. మిగతా తెరంతా బూడిదరంగు. అక్క కాఫీ తెచ్చింది. మేం ముగ్గురం మాట్లాడుకుంటున్నాం. మాటల మధ్యలో అవ్వ గ్లాసు కింద పెట్టి, ముందుకు వంగి, చూపుడు వేలు చాపి తెర మీద పెట్టింది. కుడివైపు, కింది అంచు నుంచి నాలుగు వేళ్ళు పైకి. అక్కడ ఇంకా ఏమీ రాలేదు.

"ఈడ," అంది.

"అయ్యో పాటీ, స్క్రీన్ తాకొద్దు! ఇప్పుడే తుడిచినా," అంది అక్క.

"ఉండు పాపా. వస్తా ఉండాది."

వేలు తీయలేదు. నేను తీయమనలేదు. ముసలామె కదా, అలసిపోతే తనే తీస్తుందనుకున్నాను. పది నిమిషాలు అలాగే ఉంది. చార మీద చార దిగుతూ వచ్చింది. ఒక ప్రకటన, ఒక సంతాప సభ, ఆ పక్కన చిన్న అక్షరాల జాబితా. ఆసుపత్రిలో చనిపోయి, బంధువులెవరూ రాని వాళ్ళ పేర్లు. చార ఆమె వేలి దగ్గరికి వచ్చి, దాటి కిందికి పోయింది.

"అవ్వా, కొంచెం వేలు తియ్యి," అన్నాను.

తీసింది. వేలు ఉన్నచోట నేను చదివింది ఇది: మునుసామి నాయుడు, బియ్యం మిల్లు గుమాస్తా, స్వస్థలం మద్రాసు వాషర్‌మెన్‌పేట్. పక్కన చనిపోయిన తేదీ, సాయంత్రమని కూడా ఉంది.

అవ్వకు తెలుగు, అరవం చదవడం వచ్చు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. ఆ మాట ఇక్కడ చెప్పడం అవసరం.

జయంతక్క ముందు తేరుకుంది. "ప్రింట్ కొట్టు, మొదల ప్రింట్ కొట్టు, లైను పోతాది," అంటూ తనే నొక్కింది. కాగితం బయటికొచ్చింది. ఆ వెంటనే ఆమె భయపడినట్టే లైను పోయింది. అవ్వ ఏడవలేదు. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, నేను చెప్పిన తేదీని తెలుగు నెలల్లోకి లెక్కగట్టుకుని, "మార్గశిరంలోనా? చలికాలం గదరా. కప్పుకోను ఏమన్నా ఇచ్చినారో లేదో," అంది.

ఎలక్ట్రిక్ ట్రైన్‌లో ఇంటికి వస్తూ అవ్వ దారి పొడుగునా కుడి చూపుడు వేలు రుద్దుకుంటూనే ఉంది. అంతసేపు చాపి ఉంచింది కదా, పట్టేసిందనుకున్నాను.

మా అయ్యవారు పాత పంచాంగాలు తిరగేసి ఆ తేదీకి మార్గశిర బహుళ నవమి అని తేల్చాడు. ఆ ఏడు అది డిసెంబరు ఆఖరున పడింది. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజుల్లో మా ఇంట్లో గారెలు వేగుతున్నాయి. కూతురి కొడుకు హోదాలో నాయన తద్దినం పెట్టాడు. మునుసామి నాయుడి పేరు, తండ్రి పేరు, తిథి, అన్నీ ఆయనకే సొంతంగా పలికారు. పిండం పెడుతుంటే అవ్వ తలుపు పక్కన నిలబడి నాతో మెల్లగా, "సీటు దొరికిందిరా," అంది. ఆ రోజు విస్తరి మొత్తం ఖాళీ చేసింది.

ఇంతవరకైతే నేను రాసేవాణ్ణి కాదు. వేలు అక్కడ పడటం యాదృచ్ఛికం అనుకోవచ్చు. లాటరీలు అంతకన్నా తక్కువ అవకాశానికే తగులుతాయి, మాకు తగలకపోయినా.

ప్రింటులో కింది భాగం మసకగా వచ్చిందని తర్వాతి శనివారం మళ్ళీ వెబ్‌సైట్ తెరిచాను. ఆ తేదీ లేదు. దాని ముందు రోజు ఉంది, తర్వాతి రోజు ఉంది. గ్రంథాలయానికి ఈమెయిల్ రాశాను. మర్యాదగా జవాబిచ్చారు. ఆ రోజు సంచిక తమ దగ్గర ఎప్పుడూ లేదట. పాత సంపుటంలోనే లేదు, కాబట్టి ఫోటో తీయలేదు, కాబట్టి వెబ్‌సైట్‌లో పెట్టలేదు.

ప్రింటుకు జిరాక్స్ తీసి పోస్టులో పంపాను. జనవరి చివర్లో ఇంకో ఈమెయిల్ వచ్చింది. అక్షరాల తీరు, పేజీ పద్ధతి చూస్తే అసలు సంచికలాగే ఉందని, తమకెంతో ఉపయోగపడుతుందని, దయచేసి ఏ గ్రంథాలయం నుంచి తీసుకున్నారో తెలపమని అడిగారు.

మీ దగ్గర నుంచే అని రాశాను. ఆ తర్వాత జవాబు రాలేదు.

ఈ సంగతంతా అవ్వకు చెప్పి, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను. ఏమీ లేని తెర మీద సరిగ్గా అక్కడే వేలు ఎట్లా పెట్టావు?

అవ్వ చిక్కుడుకాయలు తుంచడం ఆపి, నేను రెండో తరగతిలో ఎందుకు పాసయ్యానో ఇప్పుడే అర్థమైనట్టు చూసింది.

"నేనెక్కడ పెడితిరా? పట్టుకోని పెట్టినాడు. మా నాయనకు ఎప్పుడూ అంతే, గట్టిగా పడతాడు. గోరంతా నొచ్చె."

మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

ప్రింటు ఇంకా నా బీరువాలో ఉంది. సిరా వెలిసిపోయి గోధుమరంగుకు తిరిగింది, పేరు మాత్రం చదవగలుగుతున్నాను. దీనికి నా దగ్గర వివరణ లేదు. వెతకడం మానేశానని కూడా చెప్పలేను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఇక్కడ ఆ మాటే సరిపోదనిపిస్తుంది, అంతే.

తర్వాత కొన్నేళ్ళకు మా పాపకు అక్షరాభ్యాసం చేశాం. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పళ్ళెంలో బియ్యం పోసి, దాని వేలు మెల్లగా పట్టుకున్నాను. పిల్లకు నొప్పి పుడుతుందేమోనని నా భయం. పక్కన పీట మీద కూర్చుని చూస్తున్న అవ్వకు నచ్చలేదు.

"గట్టిగా పట్టుకోరా," అంది. "రేపు పనికొస్తాది."