అత్తమ్మ చెంపలోని కొవ్వు గడ్డ

మా అత్తమ్మ నోట్లో గడ్డ ఉందని ఆమె చెప్తే నాకు తెలియలేదు. ఒకరోజు ఆవలిస్తుంటే కనిపించింది. ఎడమ చెంప లోపల, నున్నగా, కాస్త పసుపు రంగులో, కుంకుడుకాయంత.

"ఏందత్తమ్మా అది?" అన్నాను.

టక్కున నోరు మూసింది. "నా నోట్ల నీకేం పనిరా? పోయి కాంటా తుడువు."

భద్రాచలంలో అత్తమ్మది అడవి సరుకుల దుకాణం. చింతపండు, తేనె, కరక్కాయలు, మందుల్లోకి పోయే ముష్టి గింజలు కొనేది. మామ పోయాక ఒంటి చేత్తో నడిపింది. మేనల్లుణ్ణి నన్ను పెంచిందీ, బేరం నేర్పిందీ ఆవిడే. నేర్పిందని నేనంటాను గానీ, "వీనికి నోరొచ్చింది, బేరం రాలే" అని ఆమె వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఎనభైల్లో మాట ఇది. ఆ గడ్డ అప్పటికే ఎనిమిదేళ్లుగా ఉందట. నొప్పి లేదు, మెల్లగా పెరుగుతోంది. అది లేచింది పొగాకు పెట్టుకునే చెంపలో. అలా గడ్డలు లేచి మా బజారులోనే ఇద్దరు పోయారు. వాళ్లకొచ్చిన జబ్బు పేరు ఎవరూ పలికేవాళ్లు కాదు, "ఆ రోగం" అనేవాళ్లు. అత్తమ్మ భయపడింది. భయపడి పొగాకు మానలేదు, చెంప మార్చింది.

దవాఖానాకు పోదామంటే దీపావళి తర్వాత అంది. నేను రేపే అన్నాను. ఆమె దసరా దాకా దిగింది, నేను ఎల్లుండి దాకా వచ్చాను. రెండు రోజుల తగవు తర్వాత సోమవారం దగ్గర తెగింది. అత్తమ్మనే బేరంలో గెలిచానని పొంగిపోయాను. ఖమ్మం బస్సు సారపాకలో కాగితం మిల్లు వెదురు లారీల వెనక ఆగినప్పుడు, మంచినీళ్ల కోసం ఆమె సంచి తెరిచాను. చీరలు ఎప్పుడో సర్ది పెట్టినట్టున్నాయి, మడతల మధ్య కలరా ఉండల వాసన. నన్ను ఎవరైనా తీసుకుపోతే బాగుండునని ఆమె ఎన్నాళ్లుగా ఎదురుచూసిందో. నేను గెలిచిన బేరం అదీ!

ఖమ్మం దవాఖానాలో పళ్ల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నాకు నమ్మకం కుదరలేదు. ఆమె అత్తమ్మను కూర్చోబెట్టి లైటు వేసింది.

"పొగాకు పెడతవా పెద్దమ్మా?"

"ఎడమ పక్క బంద్ చేసిన బిడ్డా."

"మరి కుడి పక్క?"

డాక్టరమ్మ వేలు పెట్టి కుడి చెంపలోంచి పొగాకు ముద్ద తీసి పారేసింది. దుకాణంలో అత్తమ్మ ముందు ఎవరూ అంత పని చేయలేదు. అప్పుడే నాకు కొంచెం నమ్మకం కలిగింది.

గడ్డను రెండు వేళ్ల మధ్య పట్టి అటూ ఇటూ కదిపింది. మెత్తగా జారుతోంది. మెడ కింద బిళ్లలేమైనా కట్టాయేమో తడిమింది. "నాకైతే కొవ్వు గడ్డ లెక్కనే అనిపిస్తున్నది. వీపు మీద, భుజం మీద శానమందికి వస్తయి. నోట్ల వచ్చుడు అరుదు, నేను గూడ పుస్తకంలనే చూసిన. తీసి పరీక్షకు పంపితెనే ఖాయంగ చెప్త."

సర్కారు దవాఖానాలో బేరమేముంటుంది? అయినా నా నోరు ఊరుకోదు. "మందుతో కరగదా మేడం?"

"కరగదు."

"పోనీ, సగం కోసి చూస్తే?"

"మిగిలిన సగం మళ్ల పెరుగుతది. ఇదేమన్న గుమ్మడికాయనా, ముక్కలు కోసి ఇచ్చేటందుకు?"

అంత భయంలోనూ అత్తమ్మ నవ్వింది. "అడుగు అల్లుడా, ఇంకా అడుగు. కొసరు గూడ అడుగు."

మర్నాడు పొద్దున చెంపలో మత్తు సూది వేశారు. నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. చెంప లోపల ఉమ్మినీరు వచ్చే సన్నని గొట్టమూ నరాలూ ఉంటాయట, వాటికి తగలకుండా డాక్టరమ్మ పైపొర మాత్రం చీల్చింది. ఆ తర్వాత కత్తి పక్కన పెట్టి, మొండి పనిముట్టుతో చుట్టూ విడదీసుకుంటూ పోయింది. తొందర లేదు, తడబాటు లేదు. ఆఖరికి కాయలోంచి ముంజె ఊడొచ్చినట్టు గడ్డ మొత్తంగా బయటికొచ్చింది. నాలుగు కుట్లు వేసి, గడ్డను మందునీళ్ల సీసాలో వేసింది.

అది తేలింది.

మా దుకాణంలో ముష్టి గింజలు కొనేటప్పుడు గుప్పెడు తీసి బకెట్ నీళ్లలో వేస్తాం. మునిగితే గట్టి గింజ, తేలితే పుచ్చు. అత్తమ్మ ముప్పై ఏళ్లుగా కొనే పద్ధతి అది. ఇప్పుడు ఆమె కూడా సీసానే చూస్తోంది. నోటినిండా దూది, మాట రాదు. మెల్లగా బొడ్లోంచి దుకాణం తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టింది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. "ఏమైంది? ఎందుకట్ల చూస్తున్నరు?"

"తేలింది కద మేడం," అన్నాను. గింజల సంగతి చెప్పాను.

ఆమెకు నవ్వొచ్చింది, కానీ అత్తమ్మ ముఖం చూసి ఆపుకుంది. మా సంచిలోని తలనూనె సీసా అడిగి, గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు వేసి ఆమె కళ్ల ముందు పెట్టింది. "చూడు పెద్దమ్మా, నూనె మునుగుతదా? నెయ్యి మునుగుతదా? కొవ్వు గూడ గంతే. తేలుడు మంచి గుర్తే."

నేను గుప్పిట మూసేలోపే తాళాల గుత్తి అత్తమ్మ బొడ్లోకి వెళ్లిపోయింది.

"అంటే ఏం లేదన్నట్టేనా?" అన్నాను ఆత్రంగా.

"గట్ల నేననలే. మంచి గుర్తన్న. పరీక్ష రానీ."

ఎంత అడిగినా అంతకు మించి ఒక్క మాట ఇవ్వలేదు. మేం ఉన్న సరుకును రెండింతలు చేసి చెప్పి బతికినవాళ్లం. నాణ్యం తెలిసి కూడా తూకానికి మించి మాట్లాడని మనిషిని అంతకుముందు నేను చూడలేదు. అప్పుడు ఒళ్లు మండింది గానీ, తిరుగు బస్సులో తలుచుకుంటే మనసులోనే దండం పెట్టాను.

మూడు వారాలు అత్తమ్మ జావ తాగింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, సరుకు సైగలతోనే కొన్నది. రాత్రిళ్లు నిద్రపోలేదని కళ్లు చూస్తే తెలిసేది. పరీక్ష కాగితం వచ్చిందని కబురందితే మళ్లీ ఖమ్మం వెళ్లాం. డాక్టరమ్మ మమ్మల్ని చూడగానే, కూర్చోమనకుండానే, నిలబడే చెప్పింది.

"కొవ్వు గడ్డనే పెద్దమ్మా. వేరే రోగం లేదు."

అత్తమ్మ గోడకు చేయి ఆనించి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. కాసేపటికి తేరుకుంది. తేరుకున్నదని ఎలా తెలిసిందంటే, బేరం మొదలుపెట్టింది.

"అయితే బిడ్డా, రోగం పొగాకుది కాదు గద. జరంత పెట్టుకోవచ్చునా?"

"వద్దు. ఇది పొగాకుతోని రాలే. పొగాకుతోని వచ్చేది వేరే ఉన్నది."

"రోజుకొక్కసారి?"

"వద్దు."

"పండుగలకు?"

"వద్దు పెద్దమ్మా. ఒక్క రేక గూడ వద్దు. ఆర్నెల్లకోసారి వచ్చి నోరు చూపించుకోవాలె."

అత్తమ్మ ఆ అమ్మాయిని కిందినుంచి పైదాకా చూసింది. కొంగు ముడి విప్పి, పొగాకు పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"చూసినవా అల్లుడా?" అంది నావైపు తిరిగి. "బేరమంటే ఈ బిడ్డ లెక్క చెయ్యాలె. నువ్వు సగం గడ్డ అడిగినవు."