చెవులు మూసే టోపీ

మా బావ రైలు పట్టాల వెంట నడిచేవాడు. ఉద్యోగమే అది. తెల్లవారగానే భుజాన సుత్తి వేసుకుని ఆరు కిలోమీటర్లు వెళ్ళాలి, ఆరు కిలోమీటర్లు తిరిగి రావాలి. దారిలో వదులైన ఇనప బిగింపులను కొట్టి బిగించాలి, పట్టా ఎక్కడైనా పగిలిందేమో చూడాలి. చలికి ఇనుము ముడుచుకుంటుంది, అతుకులు విడిపోతాయి. అందుకని ఊరంతా దుప్పట్లో ఉండే పూటే ఆయనకు పని ఎక్కువ.

నేను అదే సెక్షన్ స్టోరులో గుమాస్తాని. చలికాలం మొదట్లో మనిషికో దళసరి కోటు, ఉన్ని చేతి తొడుగులు, చెవులు మూసే టోపీ, బూట్లు ఇచ్చి సంతకం పెట్టించుకునేది నేనే. ఇరవై నాలుగేళ్ళు ఇచ్చాను. ఇరవై నాలుగేళ్ళూ బావ ఆ కోటు పట్టుకెళ్ళి మంచం మీద పరిచాడు. టోపీనైతే బల్ల మీదే వెనక్కి తోసేసేవాడు. సొంత బావమరిది చేత్తో ఇచ్చిన వస్తువుకి ఇదీ మర్యాద! నాకు ఒళ్ళు మండేది.

ఆయన లెక్క వేరు. ఒంటికి తగిలేది నూలు బనీను కాకూడదు. చెమటకి తడిసిందంటే అది ఓ పట్టాన ఆరదు, ఆగిన చోటల్లా వణికిస్తుంది. అందుకని లోపల పల్చటి ఉన్ని, దాని మీద ఇంకో ఉన్ని, పైన గాలి దూరని జర్కిన్. నడక వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే విప్పి నడుముకి చుట్టుకునేవాడు, ఆగి పనిచేసేటప్పుడు మళ్ళీ తొడుక్కునేవాడు. గ్యాంగు వాళ్ళు ఆయనకు 'ఉల్లిపాయ' అని పేరు పెట్టారు. బిగింపు చేతికి తెలియాలని కుడిచేతి తొడుగుకి రెండు వేళ్ళు కత్తిరించేశాడు. అది సర్కారువారి ఆస్తి అని నేను మొత్తుకున్నా వినలేదు.

"గుమ్మం దిగేటప్పుడు కాస్త చలెయ్యాలిరా," అనేవాడు. "అప్పుడే వెచ్చగా ఉందంటే బట్టలు ఎక్కువైనట్టు."

"మరి టోపీ ఏం పాపం చేసింది బావా? చెవులు చూడు, ఎలా కందిపోయాయో."

"వెనకనించి బండొస్తే నువ్వొచ్చి చెప్తావా? చెవులు మూసుకుని పట్టాలెక్కేవాడు ఇంట్లో చెప్పి మరీ వెళ్ళాలి."

మా అక్క అల్లిన మఫ్లరుకి కూడా మెడ వరకే అనుమతి. చలి కదా అని అక్క కాస్త పైకి లాగితే, "ఏమే, నన్ను బండి కింద పెడతావా?" అని గయ్యిమనేవాడు.

ఇరవై ఐదో ఏడు వరసలో నా ముందుకొచ్చి, "టోపీ ఇవ్వు," అన్నాడు.

"చెవులు మూసేదేనా?" అని అడిగాను. పలకలేదు. మళ్ళీ అడిగితే నా నోటి వంకే చూసి, "ఆ, అదే," అన్నాడు. బూట్లు మాత్రం వద్దన్నాడు. కొత్తవాటి అడుగు మరీ మందమట, అరిగిపోయిన పాతవే చాలట. తలకి వెచ్చదనం, కాళ్ళకి చలి! ఈయన బుర్ర ఎటు పనిచేస్తుందో అని నవ్వుకుంటూ రాసుకున్నాను.

గొప్పలు చెప్పుకోవడానికి ఆ సాయంత్రం పనిగట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బావ కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి కూర్చుని, జర్కిన్‌కి గుండీ కుట్టుకుంటున్నాడు. అక్క కూరలు తరుగుతోంది.

"చివరికి నా మాటే నెగ్గిందే అక్కా. మీ ఆయన టోపీ తీసుకున్నాడు."

అక్క కత్తి ఆగిపోయింది. "చెవులు మూసేదా?"

"అదే."

"మరి బూట్లు?"

"పాతవే చాలన్నాడు. అడుగు పల్చగా ఉండాలట."

అక్క లేచి, గూట్లోంచి పెద్ద స్టీలు పళ్ళెం తీసి నేల మీదకి వదిలేసింది. నేను ఉలిక్కిపడి గోడకి కరుచుకున్నాను. బావ సూదిలో దారం ఎక్కిస్తూనే ఉన్నాడు.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. వినపడని చెవులు మూస్తేనేం, తెరిస్తేనేం? ఇక బండి అదురు పాదాలకే తెలియాలి, అందుకే ఆ పల్చటి బూట్లు. ఆ టోపీ సంబరంగా చేతిలో పెట్టి సంతకం తీసుకున్నవాణ్ణి నేనే.

అక్క ఏడవలేదు. ఆయన ఎదురుగా వెళ్ళి కూర్చుంది.

"ఎన్నాళ్ళయింది?"

ఆయన ఆమె మొహం చూశాడు, కింద పడి ఉన్న పళ్ళెం చూశాడు. "వానాకాలం నించి. కాళ్ళకి తెలుస్తుందే. ఇన్నేళ్ళు నడిచినవాణ్ణి, నాకు తెలీదా? నాలుగ్గోడల మధ్య కూర్చోబెడితే నేను బతకలేను."

"రైల్వే డాక్టరు పరీక్షలో చెప్పలేదేం?"

"వచ్చే పరీక్షకింకా ఏడాదిన్నర ఉంది."

"ఏడాదిన్నర రోజూ పొద్దున్నే మిమ్మల్ని పంపించి, సాయంత్రం దాకా నేను ఎలా ఉండాలి? మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన చెప్పలేదు. మర్నాడు ఆయన సుత్తి భుజానికెత్తుకునే లోపే అక్క సూపర్‌వైజరు గుమ్మంలో ఉంది.

పదకొండు రోజులు బావ ఆమెతో మాట్లాడలేదు. పన్నెండో రోజు మొహం గంటు పెట్టుకుని స్టోరులో నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. "లోపల పనికి ఇదెందుకు?" అని టోపీ నా బల్ల మీద పెట్టాడు. ఈసారి తోసెయ్యలేదు.

ఇప్పుడు చలిబట్టలు పంచేది మేమిద్దరం. లోపల నూలు వద్దని ఆయన ఒక్కొక్కరి ప్రాణం తీస్తాడు. చెవులు మూసే టోపీ ఎవడైనా అడిగితే మాత్రం, భుజాల కొలత చూసే వంకతో వాడి వెనక్కి వెళ్ళి తాళాలగుత్తి కింద పడేస్తాడు. ఆ చప్పుడు ఆయనకెలాగూ వినపడదు. వాడి మెడ తిరిగిందా లేదా అని చూస్తాడు. తిరిగితే టోపీ లాక్కుని మఫ్లరు ఇస్తాడు.

మొన్నొకడు తిరగలేదు. నాకంటే పెద్దవాడే, రెండేళ్ళలో రిటైరవుతాడు. బావ వాడి భుజాన ఉన్న సుత్తి తీసి గోడకి చేరవేశాడు. తర్వాత ముందుకొచ్చి, వాడి మొహానికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి అడిగాడు:

"ఇంట్లో చెప్పావా?"