లుక్షా కొన్న కొస పడవ

మా రేవులో ఎవరికైనా పడవ గురించి సందేహం వస్తే లుక్షాని అడగక్కర్లేదు, అడగకముందే చెప్పేస్తాడు. గట్టు మీది కాఫీ కొట్టులో గోడ పక్క కుర్చీ ఆయనది. మేం పడవల్ని ముక్కు సముద్రం వైపు, వీపు గట్టు వైపు పెట్టి కట్టేస్తాం కాబట్టి, ఆ కుర్చీలో కూర్చుంటే ఊళ్ళో ప్రతి పడవ వెనకభాగమూ వరసగా కనిపిస్తుంది. ఇక ఆయన నోటికి పని దొరికినట్టే.

పడవలు మాకు రెండు రకాలు. ముందూ వెనకా రెండు వైపులా సూదిగా తేలేది కొస పడవ. ముందు సూదిగా ఉండి, వెనక అడ్డంగా బల్ల బిగించేసింది బల్ల పడవ. లుక్షా లెక్కలో మొదటిది పడవ, రెండోది సిగ్గుచేటు. "మేస్త్రికి కర్ర అయిపోయి మధ్యలో ఆపేసినట్టుంది చూడరా" అనేవాడు పక్కనున్న జోరేతో, ఆ జోరే పడవనే చూపిస్తూ. "దక్షిణపు గాలి లేచి వెనకనుంచి అలొచ్చిందనుకో, కొస పడవ దాన్ని చీల్చి అటూ ఇటూ పంపేస్తుంది. నీ పడవ వెనకున్న ఆ తలుపు చెక్కకి తగిలితే లోపలికొచ్చి కూర్చుంటుంది." ఈ మాటలో నిజం లేకపోలేదు. కాకపోతే దక్షిణపు గాలి వీచిన రోజున లుక్షా ఆ కుర్చీ వదిలి కదిలిన పాపాన పోలేదు.

ఆ వసంతంలో అడుగు గీకి రంగు వేద్దామని ఆయన పాత పడవను ఒడ్డుకు లాగారు. గీకుడు కత్తి చెక్కలోకి వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. బేపో మేస్త్రి వచ్చి, బొటనవేలితో నొక్కి చూసి, శవం ముందు తీసినట్టు టోపీ తీసేశాడు. అర్థమైపోయింది, ఇంకోటి కొనాల్సిందే. మేస్త్రి షెడ్డులో అప్పటికి రెండు సిద్ధంగా ఉన్నాయి, ఒకటి కొసది, ఒకటి బల్లది.

లుక్షాకి భుజం పట్టేసినప్పటి నుంచీ వలపనంతా ఆయన భార్య పెరీనాదే. ఆయన ఇంజను నడుపుతాడు, వల దగ్గర బాగున్న చేత్తో తెడ్డు వేస్తాడు, సలహాలిస్తాడు. ఆవిడ పడవ వెనక నిలబడి వల వదులుతుంది, తెల్లారాక లాగుతుంది. కొస పడవ వెనక ఎంత చోటుంటుంది గనక? వల కుప్ప పోస్తే కాళ్ళకు చోటుండదు, కాళ్ళు పెడితే వలకు ఉండదు. పోయిన చలికాలం, వదులుతున్న వల చీలమండకు చుట్టుకుని ఆవిడను నీళ్ళలోకి ఈడ్చేసింది. లుక్షా జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఇంటికొచ్చాక ఆవిడ తల తనే తుడిచి, పొయ్యి పక్కన కూర్చోబెట్టాడు. ఆ సంగతి మాత్రం కాఫీ కొట్టులో చెప్పలేదు.

మధ్యాహ్నం ఉప్పు చేపలూ ఆకుకూరా వడ్డిస్తూ పెరీనా అంది: "బల్లది కొను. అందులో నా రెండు కాళ్ళకీ చోటుంది, వలకీ ఉంది."

"అది కాదే, దక్షిణపు గాలి గనక..."

"దక్షిణపు గాలికి నువ్వెప్పుడెళ్ళావు మనిషీ? చెప్తున్నా విను. మళ్ళీ కొస పడవే తెచ్చావో, నేను అందులో అడుగుపెట్టను. ఒట్టు."

"నలుగురూ ఏమనుకుంటారే?"

"ఆ నలుగురూ వచ్చి వల లాగుతారా?"

లుక్షాకి కోపం కూడా రాలేదు. ఆవిడ చెప్పింది నిజమని ఆయనకూ తెలుసు. మర్నాడు మేస్త్రి భోజనానికి వెళ్ళిన వేళ చూసి, దొంగలా షెడ్డులో దూరి బల్ల పడవ ఎక్కాడు. వెనక నిలబడ్డాడు. ఇటు నడిచాడు, అటు నడిచాడు. అబ్బ, ఎంత చోటు! పెరీనా ఇక్కడ కుర్చీ వేసుక్కూర్చుని కూడా వల వదలొచ్చు. మనసు ఒప్పేసుకుంది.

సరిగ్గా అప్పుడే బయట దారిలో జోరే దగ్గు వినిపించింది. అంతే, అరవై దాటిన మనిషి పడవ అడుగున బోర్లా పడుకున్నాడు. దగ్గు దూరమయ్యేదాకా తారు వాసన పీలుస్తూ అలాగే ఉన్నాడు. ఆ పడుకున్నప్పుడే కళ్ళకు కట్టినట్టు కనబడింది: తన బల్ల పడవ వీపు గట్టు వైపు తిరిగి ఉంటుంది, అందరూ కాళ్ళు చాపుకుని దాన్నే చూస్తుంటారు, ఇరవై ఏళ్ళుగా తానన్న మాటలన్నీ ఏరి ఏరి తనకే వడ్డిస్తారు. లేచి, చొక్కా దులుపుకుని, మేస్త్రి రాగానే కొస పడవ ఖాయం చేసుకున్నాడు.

పెళ్ళాం మెత్తబడ్డానికి ఉపాయం కూడా పన్నాడు మహానుభావుడు. పడవకి 'పెరీనా' అని పేరు రాయించాడు. ముక్కుకి ఆలివ్ కొమ్మ కట్టాడు. ఫాదరుగారు వచ్చి నీళ్ళు చల్లారు, వైన్ పారింది, జనం ఆహా ఓహో అన్నారు. అసలు పెరీనా మాత్రం గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎక్కవే, నీ పేరే పెట్టాను కదా!"

"పేరు పెట్టావుగా, వల కూడా దాన్నే లాగమను" అని ఇంటికెళ్ళిపోయింది.

ఆ వారమే, మొగుడు పోయిన అంజూలా వచ్చి మేస్త్రి దగ్గర మిగిలిపోయిన బల్ల పడవ కొనుక్కుంది. పెరీనా అంజూలాతో పాటు వేటకి వెళ్ళడం మొదలుపెట్టింది. లుక్షా కొన్నాళ్ళు బింకంగా కూర్చుని, చివరికి ఒక పొద్దున ఒక్కడే బయల్దేరాడు. ఒక చేత్తో తెడ్డు, ఒక చేత్తో వల. తెడ్డు వేస్తే వల జారిపోతుంది, వల పడితే పడవ గిర్రున తిరుగుతుంది. ఆఖరికి పడవ తన వల మీదకి తానే ఎక్కి, ఇంజను రెక్కకి చుట్టేసుకుని నిలబడిపోయింది. ఆ దారిన వస్తున్న జోరే తన తలుపు చెక్కకి తాడు కట్టి, కొస పడవని రేవుదాకా ఈడ్చుకొచ్చాడు.

లుక్షా తల దించుకునే వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. ఇక ఎగతాళి మొదలవుతుంది అనుకున్నాడు. జోరే మాత్రం పక్క పడవ వ్లాహోతో పేకాటలో పడ్డాడు. ఆగలేక ఆయనే కదిపాడు.

"ఒరే జోరే, నిజం చెప్పు. నేను బల్ల పడవే కొనుంటే మీరంతా ఏమనేవాళ్ళు?"

"ఏమంటాం? పడవ కొన్నావంటాం. ముక్క వెయ్యరా వ్లాహో."

"ఇరవై ఏళ్ళ నుంచీ నీ పడవని తిడుతున్నాను కదరా!"

"నా పడవనా?" జోరే నిజంగానే తెల్లబోయాడు. "నువ్వెప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటావుగా. వాతావరణం గురించనుకున్నా."

"నేనైతే నడుం నొప్పి గురించనుకున్నా" అన్నాడు వ్లాహో.

లుక్షా ఆ ఇద్దరి చెవుల వైపూ చూశాడు. ఈ చెవుల కోసమా తను పెరీనా కాళ్ళని లెక్కచెయ్యనిది? తనమీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే అంజూలా పడవ వెనక్కి వెనక్కి వస్తూ గట్టుని సమీపించింది. వెనక బల్ల దగ్గర వల కుప్ప పక్కన కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడి పెరీనా పగలబడి నవ్వుతోంది. పడవలో ఆవిడ నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు. ఆవిడ తాడు విసిరింది. లుక్షా పరుగున వెళ్ళి పట్టుకుని కట్టాడు. కట్టి అక్కడే నిలబడ్డాడు.

"రేపు నేనూ రానా?" అన్నాడు, కొట్టులో అందరికీ వినపడేలా.

"పడవ దానిది. దాన్నడుగు" అంది పెరీనా.

అంజూలా ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, పెరీనా వైపు తిరిగింది.

"తెడ్డు వేస్తాడు సరే. మాట్లాడకుండా వేస్తాడా?"

లుక్షా నోరు తెరిచాడు. పెరీనా వైపు చూశాడు. మళ్ళీ మూసేశాడు.