మేనత్త మూడో చెయ్యి

చేతిలో ఫోనున్న ప్రతివాడూ ఫోటోగ్రాఫర్ కాని రోజులవి. ఫోటో కావాలంటే స్టూడియోకి వెళ్లి, నీలం తెర ముందు, ప్లాస్టిక్ పూలకుండీ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. అలాంటిది, ఏ పంచాంగంలో చూశారో ఏమో, పెళ్లికి ముందే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఆరుబయట ఒకరి వెనక ఒకరు పరుగెత్తాలనీ, మబ్బు లేని ఎండలో ఒకే గొడుగు కింద నడవాలనీ కొత్త శాస్త్రం ఒకటి మా భోగాపురం వైపు దిగింది. (నా పెళ్లికి ముందు నేను మా ఆయన్ని చూసింది ఒక్కసారే. వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు మహానుభావుడు. ఇక పరుగెత్తడం కూడానా!)

అప్పటికి నాకు ముప్పై దాటలేదు. మా ఆయన పోయి రెండేళ్లయింది. నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మేదాన్ని. చదువంటారా, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేలోపు బస్సు వెళ్లిపోయేది. లోటు తెలియకుండానే బతికాను గానీ, ఒక్క కోరిక మాత్రం ముల్లులా ఉండిపోయింది. నాకంటూ ఒక మంచి ఫోటో లేదు. పెళ్లి ఫోటోలు తుఫాను నీళ్లలో నాని ముద్దయిపోయాయి. మిగిలింది ఆధార్ కార్డు మీదది. అది చూసి మా అమ్మే, "ఎవళే ఈ దొంగముండ?" అని అడిగింది.

అందుకే మా మరిది వచ్చి సాయం అడగ్గానే ఎగిరి గంతేశాను. మరిదంటే మా ఆయన పిన్నికొడుకు. విజయనగరంలో పెరిగి, కొత్తగా స్టూడియో పెట్టాడు. ఏది చూపించినా "లైటింగు లేదు" అనేవాడని అందరూ వాణ్ణి లైటింగు అనే పిలిచేవారు. "వదినా, నువ్వు తిరగని ఊరు లేదు కదా. మాస్టారి కూతురి పెళ్లికి ఔట్‌డోర్ ఫోటోలు తియ్యాల. నా మొదటి పెద్ద పని. మంచి చోటు సూపించు, ఆ చోట్లోనే నీకూ ఒకటి తీస్తాను. గోడంత ఫోటో!" అన్నాడు. గోడంత! నాకు గోడే సరిగా లేదు, తాటాకు దడి. అయినా ఒప్పుకున్నాను.

కానీ నేను చోటు ఎంచే పద్ధతి వేరు. నీడ ఉండాలి, కుక్కలుండకూడదు, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, గంప దించడానికి భుజమెత్తు గట్టు ఉండాలి. లేకపోతే మళ్లీ నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఈ లెక్కన వాణ్ణి మూడు రోజులు తిప్పాను. ఒకచోట తెల్లగా సున్నం వేసిన గోడ, నున్నటి నేల, చల్లటి గాలి. వాడు అటూ ఇటూ చూసి, "వదినా, ఇది శ్మశానం గోడే!" అని గొల్లుమన్నాడు. "అయితేటి? భుజమెత్తున్నాది. మనల్ని పలకరించేవోళ్లు ఉండరు," అన్నాను. (నేను చెబుతుంటే రాస్తున్న మా అమ్మాయి ఇక్కడ పెన్ను ఆపి నవ్వుతోంది. నవ్వు తర్వాత, ముందు రాయవే.) చివరికి జంట ఫోటోలకి జీడితోట, కుటుంబం ఫోటోకి మా ఊరి సముద్రపొడ్డు ఖాయం చేశాం.

శనివారం పొద్దున్నే వ్యాను దిగారు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ, మాస్టారూ ఆయన భార్యా, వియ్యంకుడూ వియ్యపురాలూ, వీళ్లందరి మీదా పెత్తనానికి మాస్టారి అక్క, అంటే పెళ్లికూతురి మేనత్త. మొత్తం ఏడుగురు. మేనత్త తుమ్ముకి ఆగి, పిల్లికి వెనక్కి తిరిగి, బల్లికి ముహూర్తం మార్చే మనిషి. నేనూ తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్లాను. గంప కూడా తీసుకెళ్లాను. ఖాళీదే. నెత్తిన బరువు లేకపోతే నా కాళ్లకి దారి తెలియదు మరి.

అదే కొంప ముంచింది. ఆ జీడితోటలో నేను రోజూ కూర్చుని చేపలు బాగుచేసేదాన్ని. అక్కడి కాకులకి మనుషులు తెలియకపోయినా గంప తెలుసు. పెళ్లికొడుకు మోకాలి మీద కూర్చుని పువ్వు అందిస్తుంటే, ఒక కాకి కొమ్మ మీదికి వచ్చి పిలిచింది. కాసేపటికి కులం కులమంతా దిగింది. లైటింగు కెమెరా ఎత్తేసరికి పువ్వు లేదు. కాకి ఎత్తుకుపోయింది. పెళ్లికూతురి జడలోని మల్లెల్ని ఇంకోటి లాగింది. "ఒరే అబ్బాయ్, ఇది పెళ్లేట్రా, తద్దినమేట్రా?" అని మేనత్త కేక పెట్టింది. కాకులు ఎవరి చుట్టూ తిరుగుతున్నాయో ఆమెకి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నా గంప చూసింది. నా బోసి మెడ చూసింది.

"ఆవిణ్ణి ఎందుకు తెచ్చావురా? శుభమా అని పిల్లకి పెళ్లి పెట్టుకున్నాం. మా కంటికి ఆనకుండా ఎక్కడైనా కూకోమను. అయినా ఇయాల శనోరం, నాకు నీసు వాసన కూడా పడదు," అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. కానీ ఆమెకి కోపమొచ్చి వ్యాను వెనక్కి తిప్పితే మరిది పనీ పోతుంది, నా గోడంత ఫోటో కూడా పోతుంది. అందుకని గంపెత్తుకుని వెనక్కి జరిగాను. ఒడ్డుకి చేరాక దూరంగా ఒక పడవ చాటున గంప బోర్లించి దాని మీద కూర్చున్నాను.

ఆ పూట మా వాళ్లు పెదవల లాగుతున్నారు. పడవ మీద వల తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసల తాళ్లూ పట్టుకుని ఒడ్డు మీంచి లాగుతారు. రెండు మూడు గంటల పని. లైటింగు కన్ను ఆ తాడు మీద పడింది. పెళ్లికూతురి చేతికీ పెళ్లికొడుకు చేతికీ తాడు అందించి, "ఊరికే పట్టుకుని ఒకళ్ల మొహం ఒకళ్లు సూసుకోండి," అంటున్నాడు. మా ఒడ్డున ఒక కట్టుబాటుంది. తాడు ముట్టుకున్న మనిషి, వల ఒడ్డెక్కేదాకా దాన్ని వదలకూడదు. మధ్యలో వదిలితే గంగమ్మ మొహం తిప్పుకుంటుంది. పట్నంలో పెరిగిన లైటింగుకి ఇదేం తెలుసు? మేనత్త నన్ను కంటికి కనబడొద్దంది గానీ చెవికి వినబడొద్దనలేదు కదా, "ఒరే మరిదీ, తాడొద్దురా!" అని పడవ చాటునుంచే అరిచాను. నా కేకని గాలి లాక్కుపోయింది.

ఫోటో తీయడం అయింది. పెళ్లికూతురు చేతులు దులుపుకోబోయింది. వల పెద్ద మా పెదమావ. మనిషి ఎండురొయ్యలా ఉన్నా గొంతు మాత్రం కెరటమే. "ఎక్కడికెల్తన్నావు తల్లీ? ఒగ్గకు! తాడు ముట్టుకున్నావు!" అని ఒక్క అరుపు అరిచాడు.

"ఫోటో కోసమే కదండీ పట్టుకున్నాం," అన్నాడు పెళ్లికొడుకు.

"ఫోటో సంగతి గంగమ్మకేటి తెలుస్తాది బాబూ? ఒగ్గీసినోళ్ల ఇంట్లో శుభం జరగదని మా తాత సెప్పీవోడు. ఆపైన నీ ఇష్టం."

పెళ్లికొడుకు వదిలేసేవాడే. కానీ శుభం అన్న మాట మేనత్త చెవిన పడింది. "ఒలమ్మో! ఒగ్గకే తల్లీ, ఒగ్గకు! తమ్ముడూ, సూత్తావేట్రా, నువ్వూ పట్టు! వదినగారూ, మీరూ రండి! అందరం లాగితే బేగి అయిపోద్ది!" అంటూ పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి తాడు మీద పడింది. అదుగో, అలా ఏడుగురికి ఏడుగురూ చిక్కారు.

ఇక చూడాలి ఆ సంబరం. మాస్టారు బడిలో డ్రిల్లు చేయించినట్టు "ఒకటీ... రెండూ..." అని లెక్కపెడుతూ, వరస తప్పుతున్నారని మా జాలర్లని కసురుతున్నారు. వియ్యంకుడు జేబులో ఫోను మోగుతోంది, తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. పెళ్లికొడుకు కొత్త బూట్లలో ఒకదాన్ని కెరటం ఎత్తుకుపోయింది. పెళ్లికూతురు మాత్రం జడ ముడేసుకుని ఐలెస్సా అంటే ఐలెస్సా అని అందరికన్నా ముందు లాగుతోంది. ఆఖరున మేనత్త. చీలమండల దాకా ఇసుకలో దిగబడింది. నీసు వాసన పడని ఆ మనిషి నీసోడుతున్న తాడుని పొట్టకానించి వేలాడుతోంది. వల దగ్గరకొచ్చే కొద్దీ బరువు పెరిగింది. ఆమె చేతుల్లోంచి తాడు జారడం మొదలైంది.

"వెనకాల మనిషి కావాల! ఒసే కోడలా, ఆ పడవ సాటున ఏటి సేత్తన్నావే?" అని పెదమావ అరిచాడు. నేను లేచాను గానీ కదల్లేదు. కంటికి ఆనొద్దన్నారు కదా. అప్పుడు మేనత్త తల తిప్పి చూసింది. మొహం కందగడ్డలా అయిపోయింది. "సూత్తావేటే! రాయే! నా సేతుల్లో జారిపోతంది, పట్టవే తల్లీ!" అంది.

వెళ్లి ఆమె వెనక నిలబడి, ఆమె రెండు చేతుల మధ్య ఖాళీ ఉంటే అక్కడ నా కుడి చెయ్యి వేసి పట్టాను. సరిగ్గా అప్పుడే లైటింగు నీళ్లలో మోకాళ్ల మీద పడి, "వచ్చేసింది! లైటింగొచ్చేసింది! ఎవళూ ఇటు సూడొద్దు!" అని కేకలు పెట్టాడు. (ఎవరికుందీ తీరిక?)

వల ఒడ్డెక్కింది. నెత్తళ్లు, కానాగంతలు, కాసిన్ని పీతలు. తాడు పట్టిన ప్రతివాళ్లకీ వాటా ఇవ్వడం మా రివాజు. పెళ్లికొడుకు కోటు పరిచి ఏడుగురి వాటాలూ పోశారు. శనివారం నీసు వాసనే పడదన్న మేనత్త ఆ కుప్పల వంక చూసి, "అందరికీ పీతలేసి నాకెయ్యలేదేటయ్యా?" అని పెదమావతో తగువేసుకుంది. నా సంగతంటారా, చేప ఒడ్డెక్కాక చేపలమ్మేదానికి ఫోటో గుర్తుంటుందా? గంప నింపుకుని ఊళ్లోకి పరుగెత్తాను. సగం దూరం వెళ్లాక గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి వచ్చేసరికి వ్యాను లేదు.

నెల తర్వాత లైటింగు వచ్చి, తల దించుకుని ఫోనులో ఫోటో చూపించాడు. "ఇదే గోడంత చెయ్యమన్నారు వదినా. కానీ మేనత్తగారు నిన్ను తీసీమన్నాది. కంప్యూటర్లో తీసీసేను. సెయ్యి మాత్రం రాలేదు. అది తీస్తే ఆవిడ సెయ్యి కూడా పోతన్నాది." నాకు ముందు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూస్తే నవ్వొచ్చింది. మాస్టారికి రెండు చేతులు, వియ్యంకుడికి రెండు చేతులు, మేనత్తకి మూడు. తర్వాత వేరే ఫోటో తీస్తానని వాడు చాలాసార్లు అన్నాడు. వాడికి తీరికున్నప్పుడు నాకు చేపలుండేవి, నాకు చేపల్లేనప్పుడు వాడికి పెళ్లిళ్లుండేవి.

కొన్నేళ్లకి ఒకరోజు మాస్టారింటికి చేపలు తీసుకెళ్లాను. హాల్లో ఆ ఫోటో నిజంగానే గోడంత ఉంది. పెళ్లికూతురి కూతురు, ఐదేళ్ల పిల్ల, గుమ్మం దగ్గరికి లాక్కెళ్లి చూపించింది. "సూసేవా, మా మామ్మకి సాయానికి గంగమ్మ తల్లొచ్చింది. అది గంగమ్మ సెయ్యి." చూద్దును కదా, అద్దం మీద సరిగ్గా నా చేతి దగ్గర పసుపు, ఎర్రగా కుంకుమ బొట్టు! మేనత్త ఊరందరికీ అలాగే చెప్పిందట. గంగమ్మ చేతికి గాజుల్లేవేమని ఎవరో అడిగితే, "నీళ్లలోంచొచ్చిన తల్లికి గాజులెందుకే?" అని గదమాయించిందట. ప్రతి శుక్రవారం తానే బొట్టు పెడుతుందట.

పిల్లకి కళ్లు చురుకు. ఫోటో చూసి, నా చెయ్యి చూసి, "నీ సిటికినేలు కూడా గంగమ్మదానిలాగే వంకరున్నాదే!" అంది. కత్తిపీట మీద తెగి వంకరగా అతుక్కున్న వేలది. లోపలినుంచి మేనత్త వస్తోంది. చెయ్యి గబుక్కున కొంగులో దాచుకుని, "ఊరుకోయే, గంగమ్మకి కోపమొస్తాది," అన్నాను.

మేనత్తకి ఆ చెయ్యి ఎవరిదో తెలియదా అంటే, నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కానీ మాస్టారింటి అరుగు భుజమెత్తు ఉండదు, చాలా పల్లం. గంప మళ్లీ ఎత్తుకోవాలంటే నాకు ఇంకొకరు సాయం పట్టాలి. శనివారమైనా సరే, ఆమే మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి గంపకి రెండు చేతులూ వేస్తుంది. ఎత్తుకున్నాక నేను కిటికీలోంచి ఓసారి గోడ వంక చూస్తాను. గోడంత ఫోటో కావాలని ఆశపడ్డ ఆ ముప్పై ఏళ్ల పిల్లలో మిగిలింది ఆ ఒక్క చెయ్యే. ముడతల్లేకుండా, నిగనిగలాడుతూ, నుదుటికి లేని బొట్టు తను పెట్టించుకుని, ఇంకా లాగుతూనే ఉంది పిచ్చిది.