నీళ్ల మీద నిలవడ్డ మనిషి

మొన్న ఆదివారం పొద్దుగాల చెరువు నన్ను పేరు పెట్టి పిలిచింది. నవ్వకుండ్రి. గల్లీల ఎవరో మీకు సగం చెప్పే ఉంటరు. మిగిలిన సగం నా నోటితోనే వినుండ్రి, చాయ్ సల్లారేలోపల చెప్పేస్త.

మాది గౌలిపురల పాల వ్యాపారం అని మీకు ఎర్కే. పదకొండు బర్రెలు, నేను, మా సుజాత. నలభై రెండేండ్లల్ల నేను చేసిన పెద్ద సాహసమేమీ లేదు. గసొంటి నాకు ఇర్ఫాన్ భాయ్ ఒక పిచ్చి అంటించిండు. ఇర్ఫాన్ నా చిన్నప్పటి దోస్తు. బహదూర్‌పురల బోటు ఇంజిన్లు రిపేర్ చేస్తడు. బాగైన బోటును పొద్దుగాల జూ పక్కన చెరువుల తిప్పి సూస్తడు. ఒకరోజు నన్ను గూడ తోల్కపోయిండు. దుకాణంల పనిజేసే మెకానిక్‌కు స్టీరింగ్ ఇచ్చి, తను తాడు వట్టుకొని నీళ్లల్లకు దిగిండు. బోటు స్పీడందుకుంది. ఆ మనిషి లేచి నిలవడ్డడు. కాళ్లకు పలకల్లేవు, ఏమీ లేవు. ఒట్టి అరికాళ్లు. నీళ్ల మీద నిటారుగ జారుకుంట వస్తున్నడు.

"దీన్ని బేర్‌ఫుట్ స్కీయింగ్ అంటరు" అన్నడు పైకొచ్చినంక.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. నా బతుకంతా తడి బండల మీద పాల డబ్బాలు మోసుకుంట, జారకుండ నడుసుడే. ఒక్కసారన్న గట్ల జారుకుంట పోవాలనిపించింది.

నెల రోజులు మా కొట్టంలనే ట్రైనింగ్. కడిగిన షాబాద్ బండల మీద నన్ను కూసోబెట్టి, తాడు చేతికిచ్చి ఇర్ఫాన్ గుంజేటోడు.

"కుర్చీల కూసున్నట్టు కూసో సీనన్నా. మోకాళ్లు వంచు. కాలి వేళ్లు పైకి లేపు, వేళ్లు మునిగినయంటే మొకం మీద పడ్తవ్. చేతులు చాపి వట్టు, తాడును నీ దిక్కు గుంజకు. కింద అస్సలు సూడకు, దూరం సూడు."

బర్రెలు నెమరేసుడు ఆపి మరీ సూసేటివి. సుజాత అయితే పాల గిన్నె వట్టుకొని వచ్చి, "ఇర్ఫాన్ భాయ్, ఈయనకేమన్న సోకిందా, ఎవరికన్న సూపెడ్దామా?" అని నిజంగనే అడిగింది.

మొన్న ఆదివారం చెరువుల అసలు పని. బోటు పక్కకు అడ్డంగ ఒక ఇనుప పైపు బిగించి, దానికి పొట్టి తాడు కట్టి, స్టీరింగ్ ఇర్ఫానే వట్టిండు. నేర్చుకునేటోళ్లకు గట్లనే కడ్తరంట. మొదటిసారి ముక్కుల్లకు నీళ్లు పోయినయ్. రెండోసారి పిర్రల మీద కూసొని కొంతదూరం పోయిన. అరికాళ్ల కింద నీళ్లు రాయి లెక్క గట్టిగ తగిలినయ్. అప్పుడే నీళ్ల మీదికెళ్లి తెల్లగ పొగ లేసుడు మొదలైంది.

"మంచు పడ్తుంది. బస్, ఇంక సాలు" అన్నడు ఇర్ఫాన్.

"ఒక్క రౌండ్ భాయ్."

గా ఒక్క రౌండ్ అడిగింది నేనే. తప్పు ఎవరి మీదికి నూకను.

మూడోసారి నేను నిలవడ్డ. ఒట్టు. రెండు సెకండ్లో మూడు సెకండ్లో, నా రెండు కాళ్లూ నీళ్ల మీద ఉన్నయ్. నిజంగనే ఉన్నయా అని కిందికి సూసిన. గంతే. తాడు హ్యాండిల్ చేతులకెళ్లి జారింది. నేను చెరువు మీద మూడు పల్టీలు కొట్టి, లైఫ్ జాకెట్ పుణ్యాన ఎల్లెలకల తేలిన. ఇంజిన్ చప్పుడు దూరం పోయింది, పోయింది, ఇగ ఆగిపోయింది. మంచుల బోటు నా మీదికి యాడ ఎక్కుతదో అని ఇర్ఫాన్ ఇంజిన్ బంద్ చేసిండని నాకు తర్వాత తెలిసింది. అప్పుడైతే గా చప్పుడు ఆగంగనే నా గుండె గూడ ఆగినట్టైంది.

ఎటు సూసినా తెలుపు. ఆకాశమేదో, నీళ్లేవో తెలుస్తలేదు. "ఇర్ఫాన్" అని ఒర్రిన. నా గొంతు నాకే ఎవరిదో లెక్క ఇనొచ్చింది. జవాబు రాలే. అంతల నా పిక్కకు ఏదో తగిలింది. మెత్తగ, సన్నగ, మనిషి ఎంటికల లెక్క. గుర్రపుడెక్క ఏర్లు అయ్యుంటయని ఇప్పుడు చెప్తున్న. గా టైంల బుద్ధి అంతదూరం పోలే. రెండు కాళ్లూ కడుపుల్లకు గుంజుకొని, మోకాళ్లను కావలిచ్చుకొని, ఉండలెక్క తేలుకుంట ఉన్న. కాళ్లు కిందికి ఇడిస్తే ఎవరో వట్టుకుంటరని నా నమ్మకం.

గప్పుడు సింహం గర్జించింది.

మనకు జూ సింహం కొత్త గాదు. కానీ మంచుల ఆ చప్పుడు ఒక దిక్కుకెళ్లి రాదు. నీళ్లల్లకెళ్లి వస్తది, నీ ఛాతిలకెళ్లి వస్తది. గాలి నన్ను మెల్లగ ఎటో నూకుతుంది. ఒడ్డు దిక్కు పోతున్ననా, బోను దిక్కు పోతున్ననా ఎర్కలేదు. సుజాత యాదికొచ్చింది. పొద్దుగాల పాలు పిండినంక ఆమెకు చెప్పకుండనే వచ్చిన. చెరువుల పోయిండని గూడ తెల్వకుండ ఆమె యాడ దేవులాడుతది అనుకున్న. కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

"సీనిగా."

మెల్లగ, దగ్గరనే. నన్ను సీనిగా అని పిలిచేటోడు లోకంల ఒక్కడే, మా బాపు. ఆయన పోయి ఆరేండ్లైంది.

"అరే సీనిగా."

తల తిప్పిన. మంచుల ఒక మనిషి. బక్కగ, నెత్తికి తెల్ల రుమాలు, చేతుల వంకర కొడవలి. బోటు లేదు, పడవ లేదు. నీళ్ల మీద నిలవడి నన్నే సూస్తున్నడు. నెల రోజులు ట్రైనింగ్ తీసుకొని నేను మూడు సెకండ్లు నిలవడితే, ఈయన ఏ తాడూ లేకుండ ఊకెనే నిలవడ్డడు. మీదికెళ్లి నా దిక్కు నడిసి వస్తున్నడు. అడుగడుగుకు సప్పుడు చేయకుండ.

"బాపూ, నేనిప్పుడే రాను. బర్రెలకు ఇంక దాణా పెట్టలే" అన్న. నిజంగనే గిట్లనే అన్న.

ఆయన ఆగిండు.

"బాపేంది బిడ్డా, నేను మల్లయ్యను. మీ కొట్టానికి పచ్చిగడ్డి ఏసేటోన్ని. మీ బాపు ఉన్నప్పటి సంది ఏస్తున్న గద. ఆయన పిలిచినట్టే పిలిచిన."

కొడవలి లేపి సూపెట్టిండు.

"గడ్డి కోయనీకె వచ్చిన. నువ్వేంది, గిట్ల ముడుసుకొని పండుకున్నవ్?"

"మునిగిపోతున్న తాతా."

"యాడ మునుగుతవ్. లేచి నిలవడు. మోకాళ్ల లోతు గూడ లేవు."

కాళ్లు మెల్లగ కిందికి ఇడిసిన. బురద తగిలింది. నిలవడ్డ. నీళ్లు మోకాళ్ల కిందనే ఆగినయ్. గాలి నన్ను ఒడ్డు దగ్గరికే నూకింది, ఎంతసేపటి సంది ఆ లోతుల తేలుతున్ననో దేవునికే తెలుసు.

ఇద్దరం గట్లనే నిలవడి ఉన్నం. అంతల తెడ్డు చప్పుడు. మంచులకెళ్లి ఇర్ఫాన్ బోటు మెల్లగ వస్తుంది. నన్ను దేవులాడి దేవులాడి ఏడ్సినట్టున్నడు, మొకం ఉబ్బింది. మమ్ములను సూసిండు. చెరువు నడుమ నీళ్ల మీద ఇద్దరు మనుషులు, ఒకని చేతుల కొడవలి. ఇర్ఫాన్ చేతులకెళ్లి తెడ్డు జారి నీళ్లల్ల పడ్డది. పెదవులు కదులుతున్నయ్, దువా చదువుతున్నడు.

"ఇర్ఫాన్, నేనే."

"దగ్గరికి రాకు" అన్నడు. "సీనన్నా, నువ్వు నువ్వే అయితే నీ పాదం సూపెట్టు. ముందుకున్నదా, ఎనకకున్నదా, నేను సూడాలె."

దయ్యాల పాదాలు ఎనకకుంటయంటరు గద. దోస్తు భయం తీర్చాలె గద. కుడికాలు పైకి లేపి సూపెట్టిన. బురదల ఎడమకాలు జారింది. బ్యాలెన్స్ తప్పి, మోకాళ్ల లోతు నీళ్లల్ల బోర్ల పడి, గా పొద్దంతా తాగని నీళ్లు అప్పుడు తాగిన. నన్ను రెక్క వట్టి లేపింది మల్లయ్య తాతనే.

"ఇగ అనుమానం లేదు, సీనన్ననే" అన్నడు ఇర్ఫాన్.

ఈ ముచ్చట ఎవరికీ చెప్పొద్దని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నం. మల్లయ్య తాతతోని పెట్టించుకోవాలన్న సోయి మాకు లేకపాయె. ఆయన సాయంత్రం గడ్డి మోపు దించుకుంట సుజాతకు మొత్తం చెప్పిండు, బాపుతోని నేను మాట్లాడిన మాటలతో సహా. ఆమె గంటసేపు నవ్వి, తర్వాత లోపలికి పోయి ఏడ్సింది.

ఇప్పుడు మా గల్లీల వాన పడి గుంతల నీళ్లు నిలిస్తే సాలు, బండ్లు ఆపి మరీ అడుగుతున్నరు. "సీనన్నా, నీకు అనుభవముంది గద. జర దిగి లోతెంతున్నదో సూసి చెప్పరాదు."